అత్తమ్మ చేతిలో పుస్తకం

మొన్న చనిపోయిన మా అత్తమ్మకు చదువు రాదు. అయినా నేను టీచరు కాకముందు, ఆ ఉద్యోగానికి పెట్టే ఇంగ్లిష్ పరీక్షకు చదివే రోజుల్లో, పుస్తకం ఆమె చేతికిచ్చి జవాబులు అప్పజెప్పేదాన్ని. ఆమె పుస్తకం చూసేది కాదు, నన్ను చూసేది.

“గిది తప్పు. మల్ల చూడు” అనేది.

“నీకెట్ల తెలుసత్తమ్మా?”

“తెల్వనప్పుడు నీ గొంతు పిల్లి లెక్క అయితది, బిడ్డా.”

చూస్తే నిజంగానే తప్పు ఉండేది.

మొదటిసారి పరీక్ష పోయింది. ఆమెతోపాటు పత్తి ఏరడానికి పోతూనే మళ్లీ చదివాను. రెండోసారి వనపర్తిలో రాసి వచ్చి, “ఈసారి ఉద్యోగం వస్తది, అత్తమ్మా” అన్నాను. ఫలితాలకు ఇంకా చాలా రోజులున్నాయి. అత్తమ్మ నా మాట విని, ఇంకేమీ అడగకుండా, పత్తికి కూలీలను పిలిచే ఆవిడ ఇంటికి నడిచింది.

“రేపటిసంది మా కోడలు పత్తి ఏరనీకి రాదు. వేరేటోళ్లను చూసుకో. ఆమె పంతులమ్మ.”