మా చెల్లి అడిగిన ప్రశ్న

పొద్దున్న రాజ్‌కిశోర్ నగర్ నుంచి మా చుట్టాలమ్మాయి వచ్చింది. తన రెండేళ్ల కూతురికి చెవులు వినిపించవని ఈమధ్యే తేలింది. టీ తాగుతూ, "పిన్నీ, మీరు సైగల భాష నేర్చుకున్నారంట కదా, ఎక్కడ నేర్పుతారు? కానీ డాక్టర్ వద్దని మనా చేశారు. సైగలు అలవాటైతే పిల్ల ఇంక నోరు విప్పదంట," అంది. నా గ్లాసు ఠక్కున కింద పెట్టేశాను. అచ్చం ఇదే మాట యాభై ఏళ్ల కిందట మా నాన్నకి ఒక పెద్దమనిషి చెప్పాడు. ఆయన పేరు గుర్తు లేదు. ఉంటే రోజూ పేరు పెట్టి తిట్టేదాన్ని.

నాన్న లోకో షెడ్డులో ఫిట్టర్. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ, ఈ హిందీవాళ్ల ఊళ్లో, రైల్వే క్వార్టర్లో కాపురం పెట్టాడు. చెల్లికి పుట్టు చెవుడు. ఆ పెద్దమనిషి సలహా మీద ఏడేళ్లప్పుడు దాన్ని ఎక్కడో దూరంగా హాస్టలు బడిలో వేశారు. పెదవులు చూసి మాట్లాడడం నేర్పుతారట. చేతులు కదిలితే స్కేలుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవారు. ఐదేళ్లయ్యాక అక్షరం ముక్క రాకుండా ఇంటికొచ్చేసింది. తర్వాత మేం దానితో మాట్లాడిందంతా కలిపి ఓ పది సైగలు. తిను, పడుకో, రా, వద్దు. 'వద్దు'నే ఎక్కువ వాడాం. కుక్కని పెంచుకునేవాళ్లు కూడా దానితో అంతకంటే ఎక్కువ మాట్లాడతారు. అమ్మ పోయింది, నాన్న పోయాడు, నేను రైల్వేలో గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యాను. అప్పటికి తీరింది నాకు, నా చెల్లెలితో మాట్లాడడం నేర్చుకుందామని.

నేర్చుకుందామంటే ఏదీ దారి? పుస్తకాల షాపువాడు దుమ్ము దులిపి ఒక చార్టు ఇచ్చాడు, ఏ నుంచి జెడ్ దాకా చేతి బొమ్మలు. చదువే రానిదానికి ఇంగ్లీషు అక్షరాలు చూపించి ఏం చెయ్యను? ఫోనులో వీడియోలు చూసి మూడు వారాలు ఒంటిచేత్తో సాధన చేశాక తెలిసింది, అవి అమెరికావాళ్ల సైగలని. మన దగ్గర అక్షరాలకి రెండు చేతులూ కావాలి. చెవిటి పిల్లల బడి ఒకదానికి ఫోను చేస్తే, "యహాఁ ఇషారా నహీఁ సిఖాతే, మేడం," అంది అక్కడి టీచరు. ఇక్కడ సైగలు నేర్పం అని, అదేదో తప్పుడు పని అడిగినట్టు. ఫోను పెట్టేసి వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడయ్యేలా పడేశాను. చెల్లికి ఎలాగూ వినపడదు కదా అనుకుని, అలా అనుకున్నందుకు నామీద నాకే ఒళ్లు మండింది.

చివరికి లింగియాడీహ్‌లో జాకెట్లు కుట్టే ఆవిడ దొరికింది. ఆవిడకీ వినపడదు, హిందీ మాత్రం చక్కగా రాస్తుంది. నాకు చెప్పాల్సింది కుట్టు సుద్దతో బల్ల మీద రాసేది. మన దేశపు సైగల వీడియో నిఘంటువు ఫోనులో ఉచితంగానే ఉందని చూపించింది ఆవిడే. మొదటిరోజు చెల్లినీ వెంట తీసుకెళ్తే, ఆవిడ దాని వైపు తిరిగి చేతులాడించింది. చెల్లి ముందుగా గుమ్మం వైపు చూసింది. కొట్టేవాళ్లెవరూ లేరని తేల్చుకున్నాక చేతులు పైకి లేపింది. ఇంక ఆగలేదు! హాస్టల్లో ఆడపిల్లలు నీళ్ల గది వెనక దాక్కుని మాట్లాడుకున్న భాష అది. నలభై ఏళ్లు దాని చేతుల్లోనే ఉంది, మా ఇంట్లో మూగవాళ్లం మేమే.

ఇదంతా కాకపోయినా, ఎక్కడ మొదలుపెట్టాలో చుట్టాలమ్మాయికి చెప్పాను. ముందు ఆ నిఘంటువు చూడు, చార్టు కొనకు, ఆదివారం పిల్లని తీసుకుని రా, కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్దాం అన్నాను. "అచ్ఛా, చూద్దాం పిన్నీ. ఇంకా చిన్నపిల్లే కదా, తొందరేటి?" అంది.

తొందరేటా? అప్పుడు చెప్పాను. నాకు కాస్త అర్థం కావడం మొదలైన ఆరో నెల, చెల్లి నన్ను మంచం మీద కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగింది. అమ్మ. నేల. నీళ్లు. నేను తుడిచాను. అమ్మ జారింది. చచ్చిపోయింది. నా వల్లేనా? మూడుసార్లు అడిగించుకుంటే గాని నాకు బోధపడలేదు. ఆ రోజు అది నేలకి తడిగుడ్డ పెట్టిన మాట నిజమే. కానీ అమ్మ జారలేదు. మెదడులో నరం చిట్లి కూలిపోయిందని రైల్వే ఆసుపత్రిలో మా అందరికీ చెప్పారు. అందరికీ అంటే, వినపడేవాళ్లందరికీ. దాన్ని పక్కింట్లో కూర్చోబెట్టి, తిరిగొచ్చాక 'తిను' అని సైగ చేశాం.

నీ వల్ల కాదు అని చెప్పాను. తల లోపల రోగం, నువ్వు కాదు, నువ్వు కాదు. చెల్లి నా రెండు మణికట్లూ పట్టుకుని ఏడ్చింది. అమ్మ పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం పట్టలేదు.