రెండు కొట్టి, ఆగి, ఒకటి

దయ్యాలు లేవు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివాక చాలామంది నన్ను తమ జట్టులో కలుపుకోవాలని చూస్తారు. నేను రాళ్లనీ పగడపు దిబ్బలనీ చదువుకున్నదాన్ని. కొలవలేని దాన్ని నమ్మడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

మాది సిరిసిల్ల. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉండేవి. బాపు వాటిని నడిపేవాడు, అమ్మ నూలు కండెలు చుట్టేది. నాలుగూ నడుస్తుంటే చెవిలో అరిచినా వినపడదు. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఏదైనా తేడా వస్తే అమ్మ చేతిలోని పానాతో ఇనుప స్తంభాన్ని కొట్టేది. రెండు కొట్టి, ఆగి, ఒకటి. అది వినగానే తలుపు దగ్గర కూర్చున్న నేను మెయిన్ స్విచ్ దించాలి. ఆరో తరగతి నుంచి జగిత్యాల డిగ్రీ కాలేజీకి పోయేదాకా ఆ డ్యూటీ నాదే. బడిలో ఎవరైనా బల్ల మీద అలా కొట్టినా నా చెయ్యి దానంతటదే లేచేది. దానికి తోటి పిల్లలు నన్ను బాగా ఆటపట్టించేవాళ్లు.

తర్వాత నా చదువు నన్ను అండమాన్ దాకా తీసుకుపోయింది. అక్కడ సముద్రం అడుగున ఒక భూఫలకం ఇంకో ఫలకం కిందికి మెల్లగా దూరుతూ ఉంటుంది. రెండూ ఒకచోట పట్టుకుని, ఏళ్లతరబడి బిగుసుకుని, ఒక్కసారిగా జారితే భూకంపం. సునామీ తెచ్చిన పెద్ద భూకంపంలో ఉత్తరం వైపు దీవులు కొన్ని పైకి లేచాయి. నీళ్లలో ఉండాల్సిన పగడాలు ఎండకు తేలి చచ్చిపోయాయి. ఆ దిబ్బల మీద ఇప్పుడు మడ మొక్కలూ పీతలూ ఎలా కాపురం పెడుతున్నాయి, దిబ్బ మళ్లీ ఏటా ఎంత కుంగుతోంది, ఇదీ నా పరిశోధన.

ఇదంతా చెబితే బాపు ఓపిగ్గా విని, "బిగువెక్కువైతే పోగు తెగుతది. గంతే గదా?" అన్నాడు. ఆ ముక్క కోసం ఇన్నేళ్లు చదవాలా అన్నట్టు నా వైపు చూశాడు. నిజానికి అంతే.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. దీవికి పడవెక్కే ముందు ఫోన్ చేస్తే, కోరుట్లలో రోడ్డు మీదే వంటలు చేసి బంతి భోజనాలు పెడుతున్నారని, ఎల్లుండి బంద్‌కి మా ఊళ్లో సాంచాలన్నీ ఆపేస్తున్నారని అమ్మ చెప్పింది. నేను పోయే దీవిలో సిగ్నల్ ఉండదు. మనవాళ్లంతా రోడ్డెక్కితే నేను పీతలు లెక్కపెడుతున్నానే అని కొంచెం సిగ్గుగానే ఉండేది.

అమావాస్య, పున్నమి చుట్టుపక్కల రోజుల్లోనే అక్కడ నీళ్లు బాగా వెనక్కి పోతాయి. ఆ గంటసేపట్లోనే కొలతలు పూర్తి చేసుకోవాలి. బంద్ నాడు సాయంత్రం నాలుగు దాటింది. పడవాయన దూరంగా పడవలో కూర్చుని ఉన్నాడు. దిబ్బ మీద నేనొక్కదాన్నే, అంకెలు వేసిన పొడవాటి కొలకర్రను నీటి అంచున నిలబెట్టి పట్టుకుని ఉన్నాను.

అప్పుడు వినిపించింది. ఇనుము మీద ఇనుము. రెండు, ఆగి, ఒకటి.

నేను ఆలోచించలేదు. నా ఎడమ చెయ్యి కొలకర్రను వదిలేసి, గాలిలోకి లేచి, దేన్నో పట్టుకుని కిందికి గుంజినట్టు గుంజింది. కర్ర నీళ్లలో పడింది. ఆ కొలత పోయింది.

నా మీద నాకే కోపం వచ్చింది. చప్పుడు ఎక్కడిదో వెతికాను. పగడాల సందుల్లో చిటికె వేసినట్టు చప్పుడు చేసే రొయ్యలుంటాయి, కానీ అది ఇనుము చప్పుడు కాదు. లంగరు తగిలిందేమోనని అడిగితే, తాను దేన్నీ ముట్టలేదని, తనకేమీ వినపడలేదని పడవాయన అన్నాడు. నోట్‌బుక్‌లో ప్రతి కొలతకూ టైమ్ రాయాలి. 4.12 అని రాసి పక్క గడి ఖాళీగా వదిలేశాను.

నాలుగు రోజుల తర్వాత సిగ్నల్ ఉన్న ఊరికి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఏడుస్తూ ఎత్తింది.

బంద్ నాడు పొద్దున్నుంచీ కరెంటు లేదట. ఎలాగూ పని లేదు కదా అని బాపు ఒక సాంచాను బాగుచేయడానికి కూర్చున్నాడు. మెయిన్ స్విచ్ దించలేదు. కరెంటు పోయినప్పుడు మా వాడలో చాలామంది దించరు. దించితే కరెంటు వచ్చిన సంగతి తెలియదు, సాంచా చప్పుడైతేనే వచ్చినట్టు. తెలివితక్కువ అలవాటే, కానీ అలవాటు. బాపు కుడిచెయ్యి మణికట్టు దాకా పళ్లచక్రాల మధ్య ఉన్నప్పుడు కరెంటు వచ్చింది.

"నేను గా మూలకున్న బిడ్డా. స్విచ్చు దాక ఉరికే టైం లేదు. చేతిల పానా ఉంటె పిల్లర్ మీద కొట్టిన. నువ్వు ఇంట్ల లేవని సుత యాదికి లేదు," అంది అమ్మ. "సాంచా ఆగింది. సూస్తే స్విచ్చు దించి ఉన్నది. తలుపు కాడ ఎవ్వలు లేరు."

బాపు చొక్కా చెయ్యి చిరిగింది. రెండు వేళ్ల మీద తోలు లేచింది. అంతే. ఆ చెయ్యి పోతే బాపుకి చేతనయిన పని ఇంకొకటి లేదు. నేను పక్కనున్న ఒక కొట్టు మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాకు జరిగింది మాత్రం అమ్మకు చెప్పలేదు.

నెల తర్వాత ఇంటికి పోయి, నాకు తెలిసిన విద్యే చేశాను. ఫ్యూజు చూశాను, కాలలేదు. స్విచ్ ఎత్తి వదిలి చూశాను, పదిసార్లు. పాతది, మొండిది, ఊరికే జారదు. అదురుకు దిగిందేమోనని స్తంభాన్ని పానాతో గట్టిగా కొట్టాను. దిగలేదు. సబ్‌స్టేషన్‌లో పనిచేసే నా క్లాస్‌మేట్‌ను బతిమాలి రిజిస్టర్ చూశాను. కరెంటు వదిలిన టైమ్ 4.10 అని ఉంది. నా వాచీ రెండు నిమిషాలు ముందు ఉండొచ్చు. మొండి స్విచ్ కూడా ఎప్పుడో ఒకసారి జారొచ్చు. అలవాటుపడ్డ చెవికి లేని చప్పుడు వినపడొచ్చు. విడివిడిగా అన్నింటికీ జవాబులున్నాయి. అన్నీ కలిపి చెప్పే మాట ఒక్కటి దొరకలేదు.

థీసిస్‌లో ఆ గడి ఖాళీగానే ఉంచి, కారణం రాసేచోట 'కొలకర్ర జారింది' అని రాశాను. నా పరిశోధన మొత్తంలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

బైండింగ్ చేయించి ఇంటికి తెచ్చిన రోజు బాపు దాన్ని ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పాడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. అంకెల పట్టిక దగ్గర ఆగి, బట్టను తనిఖీ చేసినట్టు వేలు కిందికి నడిపించుకుంటూ పోయి, ఒకచోట ఆపాడు.

"గీడ ఒక పోగు పోయింది," అన్నాడు.

ఇక దాచలేకపోయాను. దిబ్బ, చప్పుడు, కర్ర, టైమ్, అన్నీ చెప్పాను. బాపు నవ్వలేదు, మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఏ చేత్తోని దించినవ్?"

మా ఇంట్లో అందరూ ఆ స్విచ్‌ను కుడిచేత్తోనే దించుతారు. చిన్నప్పుడు తలుపు దగ్గర కూర్చుని నేనూ కండెలు చుట్టేటప్పుడు నా కుడిచెయ్యి రాట్నం చక్రం మీద ఉండేది కాబట్టి, నాకొక్కదానికే ఎడమచెయ్యి అలవాటైంది.

"ఎడమ చేత్తోని," అన్నాను.

బాపు తల ఊపాడు. ఆశ్చర్యపోలేదు.

"ఎందుకడిగినవ్ బాపు?"

"ఊకెనే," అని పుస్తకం మూసేశాడు.

ఆ రోజు తలుపు దగ్గర ఆయనకేమైనా కనిపించిందా, కనిపిస్తే ఏం కనిపించిందన్నది ఇప్పటిదాకా చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.