ఎడమపక్క నుంచి వచ్చిన ఎత్తులు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దారిలో దయ్యం ఎదురైనా, చుట్టకు నిప్పు అడిగి సాగిపోయే రకం నేను. మా బెల్లంకొండలో నా మాటల్లో సగం తీసేసి, మిగతా సగాన్ని అనుమానంగా వింటారని నాకు తెలుసు. ఇది మాత్రం వెంట్రుకవాసి కూడా పెంచకుండా రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నా కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఎడమది బాగా ముదిరింది, కుడిది ఇంకా ముదరలేదు. ఒకనాడు చదరంగంలో మా బావమరిది ఏనుగును నాదే అనుకుని నడిపించాను. ఇరవై ఏళ్లుగా వాడి చేతిలో ఓడుతున్న నాకు కలిసొచ్చిన ఎత్తు అదొక్కటే. వాడు ఒప్పుకోలేదు. మర్నాడే తీసుకెళ్లి నరసరావుపేట ఆసుపత్రిలో పడేశాడు.

ఎడమకంటికి ఆపరేషన్ అయ్యాక రెండు కళ్లకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు. కృష్ణ ఒడ్డునున్న ఇసుకంతా ఆ రెండు సంచుల్లోనే ఉందని నా అంచనా. పది రోజులు తల కదపకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. కదిలితే లోపలి గాయం విచ్చుకుని కన్ను పోతుందన్నారు. నేనేమో భోజనం కూడా ఒకచోట కూర్చుని చేయలేని మనిషిని. మొదటిరోజే రెండుసార్లు తల తిప్పబోయాను. రెండుసార్లూ నర్సు మరియమ్మ పరుగెత్తుకొచ్చి పట్టుకుంది.

"నీకు కన్ను కావాలా వద్దా, అన్నా?" అంది. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది. అప్పుడు నాకూ భయం వేసింది.

రెండోరోజు మధ్యాహ్నం, ఎడమపక్క మంచం వైపు నుంచి కంకరమీద బండి పోతున్నట్టు ఒక గొంతు వినిపించింది. "అల్లుడూ, చదరంగం ఆడతావా?" బల్లా లేదు, కళ్లూ లేవు, ఏం ఆడతాం మామా అన్నాను.

"బల్లంతా ఒకేసారి చూడబోకు. ఎనిమిది వీధులనుకో. వీధికి ఎనిమిది గడపలు. ఏ గడపలో ఎవురున్నారో మీ ఊళ్లో నీకు తెలవదా ఏంది?"

తెలియకపోవడమేమిటి, ఏ ఇంట్లో ఏ కూర మాడిందో కూడా తెలుసు. అరవై నాలుగు గళ్లలో అరవై నాలుగు ఇళ్లు కట్టేశాను. మంత్రిని పిచ్చమ్మత్త గడపలో నిలబెట్టాను. ఆమె నోటికి జడిసి ఏ బంటూ అటు రాదు. గుర్రం కరణంగారి దొడ్డిగోడ దూకి కంసాలి వాకిట్లో దిగేది. మొదటి ఆటలో నాలుగు ఎత్తులకే ఊరంతా కలగాపులగమైంది. మళ్లీ మొదటి వీధి నుంచి నడుచుకుంటూ రమ్మన్నాడు. నడిచాను. నాలుగోరోజుకు ఇరవై ఎత్తులు గుర్తున్నాయి. ఏడోరోజుకు ఆట మొత్తం కళ్లకు కట్టింది, కట్టుకట్టిన కళ్లకే.

రోజూ ఓడిపోయాను. కానీ రోజంతా బెల్లంకొండ వీధుల్లో తిరుగుతూ ఉంటే, నా తల మాత్రం ఇసుక సంచుల మధ్య రాయిలా పడి ఉంది.

పదోరోజు మామ ఏనుగు, కంసాలి వాకిట్లో ఉన్న నా గుర్రం మీదికి వచ్చింది. "నిదానంగా ఆలోచించుకో అల్లుడూ" అన్నాడు. ఆలోచిస్తుండగానే కట్టు విప్పడానికి డాక్టరుగారు వచ్చారు.

మొదట తెల్లటి మంచు. అందులోంచి మసకమసకగా మరియమ్మ ముఖం. కన్ను దక్కింది. ఇంత కుదురైన రోగిని తన సర్వీసులో చూడలేదని ఆమె అంటుంటే, నా జీవితంలో నన్నెవరూ అనని మాట కాబట్టి రెండోసారి చెప్పించుకున్నాను.

మెల్లగా ఎడమపక్కకు తిరిగాను. మంచం మీద ఒక మనిషి కంటికి కట్టుతో పడుకుని ఉన్నాడు, దాచేపల్లి సున్నపుబట్టీలో పనిచేసేవాడట. మామా, నీ ఏనుగు సంగతి తర్వాత చూద్దాం అన్నాను.

"ఏ ఏనుగయ్యా? నాకు పులిజూదమే సరింగా రాదు." ఈలలాంటి సన్నటి గొంతు. "నీ మాటలు ఇంటానే ఉండా. మాట్లాడతావు, ఆగుతావు, మళ్లా మాట్లాడతావు. మద్దెన ఎవురూ పలకలా."

చీకట్లో మనసు తనకు తోడు కల్పించుకుంటుందని డాక్టరుగారు అన్నారు. అయ్యుండవచ్చు. మరి ఆ మనసు ఇరవై ఏళ్లుగా మా బావమరిది ముందు ఎక్కడికి పోయినట్టు? నా జన్మలో చూడని ఎత్తులు వేసి, నన్ను నేనే రోజూ ఎలా ఓడించుకున్నాను? నాకు తెలియదు.

ఇంటికొచ్చాక బల్లకు వీపు తిప్పి కూర్చుని బావమరిదితో ఆడాను. గెలిచాను. వాడు మూడు రోజులు అన్నం ముట్టలేదు. మా ఆవిడ మాత్రం ఒక్క పూటే అంటుంది.

ఇప్పుడు కుడికన్ను కూడా ముదిరింది. ఇంట్లో అందరూ దిగులుగా ఉన్నారు. నేను మాత్రం అదే మంచం కావాలని మరియమ్మకు కబురు పెట్టాను. నా గుర్రం ఇంకా కంసాలి వాకిట్లోనే నిలబడి ఉంది. దాన్ని ఎటు దూకించాలో ఇన్నాళ్లకు తేలింది. ఎవరికి చెప్పాలో మాత్రం తెలియదు. కట్టు కట్టాక, తల తిప్పకుండా, ఎడమపక్కకే చెబుతాను.