దిమ్మలు పెట్టానన్న మాట

కల్వకుర్తిలో బస్సు బాడీలు కట్టే ఒక షెడ్డు ఉంది. అక్కడ పనిచేసిన మేస్త్రీ ఒకతను మొక్కులో ఉండి కల్లు తాగాడని, ఆ మత్తులో బండి కిందికి దూరి చచ్చిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట మొదట అన్నది నేను కాదు. దానికి సందు ఇచ్చింది మాత్రం నేనే. జరిగింది కళ్లారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఒక కారవాన్‌కు డ్రైవర్ని. మా ఓనరు పాత బస్సు కొని, లోపల మంచాలు, వంటగట్టు, బాత్రూము కట్టించాడు. షూటింగులకూ లీడర్ల ప్రచారాలకూ కిరాయికి తిప్పాలని ఆయన ఆలోచన. ఆ పనంతా చేసింది ఈ మేస్త్రీయే. మక్తల్ దగ్గర గొర్లు కాసే ఇంట్లో పుట్టినవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, అతను తమ్మీ అనేవాడు. కల్లు తాగేవాడు, దాచేవాడు కాదు. ఆ ఏడాది బిడ్డకు విషజ్వరం వస్తే, బతికితే తలనీలాలిస్తానని యాదగిరిగుట్ట స్వామికి మొక్కుకున్నాడు. మొక్కు తీరేదాకా అని గడ్డం గీయలేదు, నలభై రోజులు చుక్క ముట్టలేదు.

"గడ్డం జూస్తే స్వామే గుట్ట దిగొచ్చినట్టున్నదే" అని షెడ్డులో ఎగతాళి చేస్తే, "నా వంతు గూడ మీరే తాగుండ్రి, గుట్టకు పోయొచ్చి లెక్క జూస్త" అని నవ్వేవాడు.

ఆ బండికి వెనక బరువు మోసే ఇనప కమాన్ పట్టీలు లేవు, వాటి బదులు గాలి బెలూన్లు ఉండేవి. ఇరుసు నుంచి చాసిస్ మీది వాల్వుకు ఒక కడ్డీ ఉంటుంది. నట్టు తిప్పి కడ్డీని పొడుగు చేస్తే బెలూన్లలోకి గాలి ఎక్కి బండి లేస్తుంది, పొట్టి చేస్తే దిగుతుంది. కడ్డీని ఊడదీస్తే వాల్వు చెయ్యి కిందికి వాలిపోతుంది, గాలంతా పోయి బండి కూర్చుంటుంది. అందుకే కిందికి దూరే ముందు చాసిస్ కింద తుమ్మ దిమ్మలు రెండు పెట్టాలి. నాకు ఆ పని నేర్పేటప్పుడు అన్న మొదట చూపించింది ఆ దిమ్మలనే.

బండి తయారయ్యాక పూజకు గుట్టకు తీసుకెళ్లాం. ఓనరు, ఆయన భార్య, ఆయన తల్లి లోపల ఉన్నారు. మొక్కు తీర్చుకోవడానికి అన్న కూడా మాతో వచ్చాడు. కింద కట్టిన నీళ్ల ట్యాంకు నిండుగా ఉండటంతో బండి వెనక కుంగింది. గుట్ట కింద స్పీడ్ బ్రేకర్ మీద ట్యాంకు ఫ్రేము గీసుకుంది.

"కొత్త బండి గీకినవ్ గదరా! ఇంక పైన మలుపులల్ల ఏం జేస్తవ్?" అని ఓనరు నన్ను తిట్టాడు.

అన్న ఒంగి, ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య జాన పెట్టి చూశాడు. "రెండు వేళ్లంత లేపుతే సాలు సార్. పూజ కానీయుండ్రి, గంతల చేస్త" అన్నాడు.

నిమ్మకాయలు తొక్కించి బండిని ఒక పక్కన ఆపాను. ఓనరు తల్లికి మోకాళ్ల నొప్పి, మెట్టు ఎత్తుగా ఉంది. దిమ్మలు రెండూ తెచ్చి డోరు ముందు మెట్టుగా వేశాను. ఆమె వాటి మీద కాలు మోపి దిగింది. దిగి, పిలవని చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు వాటికి కూడా పసుపు కుంకుమ పెట్టి, మీద ప్రమిద వెలిగించింది.

"దీపం కొండెక్కెదాక వీటిని ముట్టకు బిడ్డా" అని చెప్పి, కోడలితో ఎదురు కొట్టు నీడలోకి పోయింది.

నేను బండికి అటువైపు పోయేసరికి అన్న అప్పటికే వెనక చక్రం పక్కన కిందికి దూరాడు. డోరు అతనికి కనపడదు.

"దిమ్మలు పెట్టినవా తమ్మీ?"

ఓనరు దూరంగా నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. దీపం వెలిగించిన దిమ్మలు లాగితే ఆ ముసలామె ఏమంటుందో అనుకున్నాను. నట్టు రెండు చుట్లు తిప్పే పనే కదా అనుకున్నాను.

"పెట్టిన అన్నా."

కాసేపటికి కింద నుంచి, "నట్టు జామైంది. కడ్డీ ఊడదీస్త, చిన్న పానా ఇయ్యి" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. అప్పుడు చెప్తే అంతకుముందు అబద్ధమాడానని తెలిసిపోతుంది. పానా అందించాను. అతని వేళ్లు దాన్ని తీసుకోవడం చూశాను.

గాలి బుస్సుమంది. బండి కూర్చుంది. ట్యాంకు ఫ్రేము అతని రొమ్ము మీద ఉంది. నేను పరుగెత్తి దిమ్మలు లాగాను, జాకీ వేసి లేపి వాటిని కింద పెట్టాను. భువనగిరి దవాఖాన చేరకముందే ప్రాణం పోయింది.

పోలీసులు వచ్చేసరికి దిమ్మలు బండి కిందే ఉన్నాయి. "దిమ్మలు పెట్టేదాక ఆగమన్న సార్, ఇనలే" అన్నాను. "కల్లు అలవాటుందా?" అని అడిగారు. "ఉన్నది సార్" అన్నాను. నలభై రోజుల మాట చెప్పలేదు. మిగతాది షెడ్డులో వాళ్లే అల్లుకున్నారు. మొక్కు తప్పాడు, స్వామి ఊరుకుంటాడా అన్నారు. మట్టి చేసిన రోజు అతని భార్య నన్ను పక్కకు పిలిచి, "ఆయన తాగిండా?" అని అడిగింది. "నేను జూడలే వదినా" అన్నాను.

నిరుడు అన్న తల్లి పోయిందని తెలిసి మక్తల్ పోయాను. దినాల భోజనాల దగ్గర ఒకాయన, "ఆ అవ్వ సచ్చెదాక గుట్టకు పోలే. మనుమరాలిని గూడ పోనియ్యలే. మొక్కు తప్పినోళ్ల ఇంటోళ్లం, ఏ మొకం పెట్టుకొని పోతం అనేది" అన్నాడు. నా విస్తరిలో అన్నం అలాగే ఉండిపోయింది.

అందరూ పోయాక గొర్ల దొడ్డి దగ్గర వదినకు అంతా చెప్పాను. ఆమె మేతకట్ట విప్పుతూనే వింది.

"ఆయన తాగలేదని నాకెర్కనే" అంది. "మా అత్తకే ఎర్కలేకపాయె. నువ్వు పది దినాలు ముందల రాకపోతివి."

తర్వాత మరుదులిద్దరినీ పిలిచింది. "నాకు జెప్పింది వీళ్లకు జెప్పు. కూసోకు, నిలబడి జెప్పు" అంది. చెప్పాను. చిన్నవాడు నా మీదికి వచ్చాడు, పెద్దవాడు పట్టుకున్నాడు. "రేపు కల్వకుర్తి షెడ్డుకు నడువ్. గాడ గూడ ఇదే మాట జెప్పాలె" అన్నాడు పెద్దవాడు. మర్నాడు పోయి చెప్పాను. అప్పటివాళ్లు ఇద్దరే మిగిలారు. వాళ్లలో ఒకడు, "ఇప్పుడెందుకే ఇవన్నీ" అన్నాడు.

ముందురోజు మక్తల్‌లో దొడ్డి దాటి వస్తుంటే వదిన వెనక నుంచి ఒక్క మాట అడిగింది.

"ఆ దీపం కొండెక్కెదాక ఆగితే ఎంతసేపయ్యేది?"

ఆ రోజు దిమ్మలు లాగినప్పుడు ప్రమిద నా చేతి మీదే పడింది. చెయ్యి కాలలేదు. అందులో నూనె లేదు, వత్తి నల్లగా చల్లారి ఉంది. దీపం ఎప్పుడో కొండెక్కింది. నేను బండి చుట్టి పోయి చూడలేదు.

అదే ఆమెకు చెప్పాను.