టియర్నీ దొర చుట్టం

‘కజిన్’ అన్న మాట చెవిన పడితేనే విన్సెంట్‌కి ఒళ్లు కంపరమెత్తేది. ఆ మాట అనేవాడు ప్రాజెక్ట్ డైరెక్టర్ గెరార్డ్ టియర్నీ. ఐర్లండు మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు, ఖతార్ ఎండకి మెడ ఉడికిన రొయ్యలా ఎర్రబడిపోయి ఉండేది. పొద్దున్నే సైటు ఆఫీసులో అడుగు పెడుతూనే అందరూ వినేలా “గుడ్ మార్నింగ్, కజిన్!” అని విన్సెంట్ వీపు మీద ఒకటి చరిచేవాడు. చేతిలో టీ ఒలికిపోయేది. విన్సెంట్ నవ్వేవాడు. తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తన మొహం మీద తానే ఉమ్మేసుకోవాలనిపించేది.

అవి దోహా చుట్టూ ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు లేస్తున్న రోజులు. వాటిలో ఒకదాని దగ్గర డ్రాయింగులు భద్రపరిచి, అడిగినవాళ్లకి అందించే ఉద్యోగం విన్సెంట్‌ది. ఊరు ధవళేశ్వరం. దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో భార్య మేరీతో కాపురం. ఇంటిపేరు టియర్నీ. కొత్తగా వచ్చిన డైరెక్టరు ఒకరోజు విన్సెంట్ మెడలో వేలాడే కార్డు మీద ఆ పేరు చూసి, మతి పోయినవాడిలా నిలబడిపోయి, ఆ తర్వాత కావలించుకున్నాడు. చుట్టరికం అక్కడ మొదలైంది.

అప్పట్నుంచీ ఆఫీసులో ఆ పేరు పురాణం వినని ప్రాణి లేదు. రిసెప్షన్‌లో కూర్చునే ఫిలిప్పీన్స్ అమ్మాయికి కూడా కంఠతా వచ్చేసింది. టియర్నీలు ఐర్లండులో ఒకచోట పుట్టలేదట, మూడు చోట్ల వేరువేరు వంశాలుగా పుట్టారట. డొనెగాల్‌లో ఒకరు, మేయోలో ఒకరు, వెస్ట్‌మీత్‌లో ఒకరు. తర్వాత టిప్పరరీ వైపు గుంపు కట్టారట. ఆ పేరుకి వాళ్ల భాషలో దొరతనం గలవాడని అర్థమట. ఇది చెప్పేటప్పుడు డైరెక్టరు గారి గడ్డం కాస్త పైకి లేచేది. తర్వాత బంగాళాదుంప పంట కుళ్లి, కరువొచ్చి, దొరతనం గలవాళ్లందరూ గడ్డి తిని, ఓడలెక్కారు. లివర్‌పూల్ రేవులో మూటలు మోశారు, న్యూయార్కులో ఇటుకలెత్తారు, ఆస్ట్రేలియాలో గొర్రెలు కాచారు. “ఎక్కడ కూలి పని ఉంటే అక్కడ ఒక టియర్నీ ఉన్నాడు!” అనేవాడు కళ్లు తుడుచుకుంటూ. కిటికీ అవతల సెప్టెంబరు ఎండలో వందలమంది ఇనుప ఊచలు మోస్తూ ఉండేవాళ్లు. అటు చూస్తూనే అనేవాడు. ఆ కళ్లకి ఏం కనిపించేదో దేవుడికే తెలియాలి.

ఇక విన్సెంట్ సంగతి ఆయనే తేల్చేశాడు. గోదావరి ఆనకట్ట కట్టే రోజుల్లో టియర్నీ అనే ఓవర్సీరు ధవళేశ్వరం వచ్చాడు, అక్కడి పిల్లను కట్టుకున్నాడు, ఆ సంతానమే విన్సెంట్. “ఈ చెవి చూడండి! ఇది టిప్పరరీ చెవి!” అని వచ్చినవాళ్లకల్లా విన్సెంట్ చెవి పట్టుకుని చూపించేవాడు. సంతలో ఎద్దు పళ్లు చూపించినట్టు.

అసలు సంగతి విన్సెంట్‌కి నాయనమ్మ చెప్పింది. ఓవర్సీరు దొర ఉన్నమాట నిజమే. ఆయన దగ్గర వంట చేసినవాడు విన్సెంట్ తాతకి తాత, మాలపేట కుర్రాడు. బాప్తిస్మం తీసుకున్న రోజు దొరే జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. ఇంటిపేరేమిటని పాదిరి అడిగితే, ఊళ్లో ఆ ఇంటిని పిలిచే పేరు చర్చిలో పలకదగ్గది కాదు. పిల్లవాడు తల దించుకున్నాడు. దొర నవ్వి, “నాది వేసెయ్యండి” అన్నాడు. ఆ రోజుల్లో దొరల దగ్గర వంటవాళ్లకీ గుర్రాలవాళ్లకీ అలా పేర్లు దొరకడం మామూలే. పాత కోటు ఇచ్చినట్టు పేరు కూడా ఇచ్చేవారు. కొన్నాళ్లకి దొర బదిలీ అయి వెళ్లిపోయాడు. పేరు ఉండిపోయింది. ఆ పేరు విన్నవాళ్లు కులం అడగడం మానేసేవారు, రైల్వేలో ఉద్యోగం కూడా తేలిగ్గా దొరికేది. అందుకని ఇంటిల్లిపాదీ దాన్ని ఎండలో గొడుగులా పట్టుకుని తరాలు గడిపేశారు. రక్తం మాత్రం చుక్క లేదు.

ఇదంతా మొదటి రోజే చెప్పేయాల్సింది. విన్సెంట్ నోరు తెరిచేలోపే డైరెక్టరు కావలించుకున్నాడు. వారం తిరక్కుండా కుర్చీ ఏసీ గదిలోకి మారింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండిపోయాడు.

“చెప్పెయ్యండి, పోయేదేవుంది?” అనేది మేరీ. “ఆయనగారు మనకి చుట్టమైతే మా పేటంతా ఆయనకి వియ్యంకులే. పెళ్లిళ్లకి పిలవొచ్చు.”

“నీకంతా వేళాకోళమే” అనేవాడు విన్సెంట్. చెప్పింది మాత్రం లేదు.

ఇలా ఉండగా తిరుమల్ చచ్చిపోయాడు. జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు, ఇరవై రెండేళ్లవాడు. అన్న నర్సింలుతో కలిసి అదే స్టేడియంలో ఊచలు కట్టే పని చేసేవాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగి క్యాంపులో పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. గుండె ఆగింది అన్నారు. గుండె ఎందుకు ఆగిందో ఎవరూ అడగలేదు.

ఆఫీసులో తెలుగు వచ్చినవాడు విన్సెంట్ ఒక్కడే కాబట్టి నర్సింలు నేరుగా అతని దగ్గరికే వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“విన్సెంట్ సార్, తమ్మున్ని పెట్టెల పెట్టి పంపుతరంట. పంపనీ. నేను గూడ వాని ఎంబడి పోవాలె సార్. మా నాయిన లేడు. కుండ పట్టి ముందట నడిశేటోన్ని నేనే. సామాను లెక్క ఒక్కన్నే పంపితే మా అవ్వకు ఏం మొఖం సూపెట్టాలె?”

“కంపెనీని అడిగావా?”

“అడిగిన. ఎగ్జిట్ మాఫీ, లేదు పో అన్నరు. స్లాబు అయిపోయినంక సూద్దమన్నరు. అప్పటిదాంక శవం ఆగుతదా సార్? పెద్దసారు నీ సుట్టమంట గద. ఒక్క మాట సెప్పున్రి.”

అప్పట్లో కంపెనీ సంతకం లేనిదే దేశం దాటే వీల్లేదు. ఆ సంతకం పెట్టేవాడు గెరార్డ్ టియర్నీ. విన్సెంట్‌కి జీవితంలో మొదటిసారి ఆ చుట్టరికం ఒకడికి పనికొస్తుందేమో అనిపించింది. ఆ పూటే డైరెక్టరు గదిలోకి వెళ్లి విషయం చెప్పాడు.

డైరెక్టరు శ్రద్ధగా విన్నాడు. విని, కుర్చీలో వెనక్కి వాలి తన పురాణం ఎత్తుకున్నాడు. కరువు కాలంలో వాళ్ల ముత్తాతా, ముత్తాత తమ్ముడూ వేర్వేరు ఓడల్లో బయల్దేరారట. తమ్ముడు దారిలో జ్వరమొచ్చి చచ్చిపోతే గోనెలో చుట్టి సముద్రంలో పారేశారట. పక్కన సొంతవాడంటూ ఒక్కడు లేడట. “ఆ సంగతి తలుచుకుని మా ఇంట్లో ఇప్పటికీ ఏడుస్తాం, కజిన్” అని నిజంగానే ఏడ్చాడు. రుమాలు తడిసింది.

విన్సెంట్ ప్రాణం లేచొచ్చింది. “అందుకే సర్, ఈ తమ్ముడి పక్కన అన్న...”

“శుక్రవారం బ్రంచ్‌కి రా” అన్నాడు డైరెక్టరు ముక్కు చీదుకుంటూ. “దోహాలో ఉన్న మావాళ్లందరూ వస్తున్నారు. మన గోదావరి శాఖ గురించి నాలుగు మాటలు చెప్పు. ఈ పని సంగతి తర్వాత చూద్దాం.”

తర్వాత చూద్దాం అన్నాడు కదా అని విన్సెంట్ వెళ్లాడు. డైరెక్టరు పంపిన ఆకుపచ్చ టై కట్టుకుని, సముద్రం ఒడ్డున పెద్ద హోటలుకి వెళ్లాడు. బల్లల నిండా చేపలూ గొర్రె మాంసమూ. ఐస్‌ని చెక్కి చేసిన హంస ఒకటి మధ్యలో చెమట కారుస్తోంది. సగం కొరికి వదిలేసిన ముక్కలతో పళ్లాలు గుట్టలు పడుతున్నాయి. అదే సమయానికి తిరుమల్ ఆసుపత్రి శవాల గదిలో ఉన్నాడు, నర్సింలు క్యాంపు గేటు దగ్గర ఫోను పట్టుకుని కూర్చున్నాడు. విన్సెంట్ మైకు అందుకుని, “మా తాతకి తాత టిప్పరరీ నుంచి వచ్చిన టియర్నీ...” అని మొదలుపెట్టి, లేని పెళ్లి ఒకటి చేసి, లేని ప్రేమ ఒకటి అల్లి, చివర్లో అందరికీ వందనాలు చెప్పాడు. వంట చేసి దొరకి కడుపు నిండా పెట్టిన అసలు తాత ఊసే లేదు. చప్పట్లు మోగిపోయాయి. ముత్యాలు వేసుకున్న ఒక ముసలావిడ వచ్చి, సాస్ అంటిన వేళ్లతో అతని చెంప పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, “అవును, ముక్కు కూడా మనవాళ్లదే” అంది.

విన్సెంట్ బాత్‌రూమ్‌లోకి పోయి టై ఊడబీకి, తిన్నదంతా కక్కుకున్నాడు. ఎంత కడిగినా చెంప మీద ఆ సాస్ వాసన పోలేదు. ఛీ, ఇంత బతుకూ బతికి చెవీ ముక్కూ అప్పగించి నిలబడ్డాను అనుకున్నాడు. సంతకం పడితే చాలు, ఈ మకిలంతా వదిలిపోతుందని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

శనివారం పొద్దున డైరెక్టరు హుషారుగా ఉన్నాడు. “అద్భుతంగా మాట్లాడావు, కజిన్! ఆ ఊచలు కట్టేవాడి సంగతి మాత్రం కుదరదు. స్లాబు ముందుంది, పైనుంచి పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. ఒకణ్ణి వదిలితే ఎంతమంది అన్నదమ్ములు పుట్టుకొస్తారో తెలుసా? ఈ క్యాంపుల్లో అందరూ ఒకరికొకరు బ్రదర్లే. పైగా నేను కనుక్కున్నాను, వాళ్లిద్దరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు కూడా ఒకటి కాదు.”

విన్సెంట్‌కి చెవుల్లో నిప్పులు పోసినట్టయింది. పాస్‌పోర్టులు చేయించిన ఏజెంటు ఒకడికి తండ్రి పేరు ఎక్కించాడు, ఒకడికి ఇంటిపేరు ఎక్కించాడు. జగిత్యాల వైపు ఏ ఇంట్లో చూసినా ఇదే తంతు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే కంచంలో తిన్నవాళ్లని అన్నదమ్ములు కాదంటున్నాడు, గిన్నెలు కడిగినవాడి మనవణ్ణి పట్టుకుని కజిన్ అంటున్నాడు. నిజం చెప్పి మొహాన కొట్టాలనిపించింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ చెబితే తిరుమల్ పెట్టెలో ఒంటరిగానే పోతాడు.

“అయితే నన్ను పంపండి సర్” అన్నాడు. “నాకు సెలవు కావాలి. రేపే.”

“దేనికి?”

“ఇంటి పని.”

డైరెక్టరు మారుమాట అడగలేదు. పెన్ను తీసి గీకేశాడు. “మనవాడు అడిగితే కాదంటానా? రక్తం రక్తమే” అని వీపు మీద చరిచాడు.

ఎయిర్‌పోర్టు దాకా రావడానికి నర్సింలుకి డ్యూటీ అడ్డొచ్చింది. క్యాంపు గేటు దగ్గరే విన్సెంట్ చేతులు రెండూ పట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది. “దండం సార్, మా తమ్మున్ని పైలంగ తీస్కపో” అన్నాడు.

హైదరాబాదులో పెట్టె దింపించుకుని, అంబులెన్సులో డ్రైవరు పక్కన కూర్చుని విన్సెంట్ ఆ ఊరు చేరేసరికి వీధి వీధంతా బయటే ఉంది. పెళ్లి కాని పిల్లవాడని పూడ్చిపెట్టారు. కుండ పట్టి ముందు నడిచింది పాలోళ్ల, అంటే దాయాదుల పిల్లవాడెవడో. వాడికి తిరుమల్ మొహమే సరిగ్గా గుర్తులేదు, నడుస్తూ నడుస్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు. నర్సింలు ఫోనులో చూస్తానన్నాడు గానీ, కాసేపటికే ఫోర్‌మన్ “యల్లా యల్లా” అని తొందరపెడుతూ అరవడం వినిపించి, ఫోను ఆగిపోయింది.

అన్నీ అయ్యాక తల్లి బాలవ్వ వచ్చి విన్సెంట్ ఎదురుగా నేల మీద కూర్చుంది. ఏడుపు అయిపోయిన మొహం.

“బిడ్డా, దుబాయ్‌ల మా పెద్దోన్ని ఎందుకు తోలియ్యలే?”

“సెలవు ఇవ్వలేదమ్మా. పని ఉందన్నారు.”

“మరి నీకెట్ల ఇచ్చిండ్రు? నువ్వు గూడ గా కంపెనీలనే చేస్తవంట గద.”

విన్సెంట్‌కి అబద్ధం చెప్పే ఓపిక లేదు. “అక్కడి పెద్ద దొర ఇంటిపేరూ నా ఇంటిపేరూ ఒకటేనమ్మా. అందుకని ఇచ్చాడు.”

“మీరు మీరు సుట్టాలా?”

“ఏ చుట్టరికమూ లేదమ్మా. పూర్వం ఒక దొర దగ్గర మా తాత వంట చేశాడు. ఆ దొర తన పేరు మావాళ్లకి పెట్టి పోయాడు. అంతే.”

బాలవ్వ అతని మొహంలోకే చూసింది. ఆ చూపులో ఎగతాళి లేదు, కోపం లేదు. దారి తెలిసినవాణ్ణి దారి అడుగుతున్నట్టు ముందుకి జరిగి, అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

“అయితే గా పేరు మా నర్సింలుకు గూడ పెట్టుమను బిడ్డా. ఒక్కపారి వచ్చి, తమ్ముని మన్ను మీద ఇన్ని నీళ్లు పోసి పోతడు.”