సర్దార్‌బీ ఊపిరి బిగించిన రోజు

గుంటూరు మిర్చి యార్డులో బస్తా విప్పి కాయలు కుప్పగా గుమ్మరిస్తే కొత్తవాళ్లకు కళ్లు మండి, ముక్కులు కారి ప్రాణం పోయినంత పనవుతుంది. సర్దార్‌బీకి మాత్రం తుమ్మయినా రాదు. బస్తా కుట్టు తెగిన చప్పుడు వినగానే నోరు మూసి, ఊపిరి బిగించి, ఘాటు దిగేదాకా అలాగే కూర్చుంటుంది. తొడిమలు తీసే ఆడవాళ్లలో అంతసేపు బిగబట్టగలిగినవాళ్లు మరొకరు లేరు. కొడుక్కి పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు కూడా వియ్యాలవారి ముందు ఈ గొప్పే చెప్పుకుందంటే ఇక చూడండి.

అందుకే దగ్గు పట్టుకున్నప్పుడు ఆమెకు భయంకన్నా నామోషీ ఎక్కువైంది. గోడ చాటుకు వెళ్లి దగ్గి వచ్చేది. కొంగుకు నెత్తురు అంటిన రోజు భర్త ఇమాం హుస్సేన్ ఇక మాట వినలేదు. తన ఆటోలోనే ఎక్కించుకుని క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరు ఏదీ దాచలేదు. కుడి ఊపిరితిత్తిలో గడ్డ. కోసి తీయడానికి వీల్లేని చోట ఉంది. ఇంకెక్కడికీ పాకినట్టు కనబడటం లేదు కాబట్టి, గుండెకు తగలకుండా గురిచూసి కరెంటు, అంటే రేడియేషన్, పెడితే నయమయ్యే అవకాశం ఉందన్నాడు.

ఆ గురి గీసుకోవడానికి ముందుగా స్కాను. టెక్నీషియన్ మహిమ ఆమె జాకెట్టు విప్పించి, వెనక తాళ్లున్న గౌను తొడిగించి, చేతులు రెండూ తలపైకి పెట్టించింది.

"అమ్మాయ్, తలుపు గట్టిగా వేశావా? బయట మా ఆయనున్నాడు."

"మీ ఆయనేగా అమ్మా!"

"అందుకే అడుగుతున్నా."

మహిమ నవ్వి, కదలకుండా పడుకుని నెమ్మదిగా ఊపిరి పీలుస్తూ ఉండమని చెప్పి వెళ్లింది. యంత్రం గుయ్యిమంది. అంతే, ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా? నోరు బిగుసుకుంది. స్కాను ఆగేదాకా ఆమె ఛాతీ లేవలేదు, దిగలేదు.

"చీమంత కూడా కదల్లేదయ్యా," అని బయటికొచ్చి మొగుడికి గొప్పగా చెప్పింది.

వారం తర్వాత, కరెంటు పెట్టే మొదటి రోజుకి దగ్గు ముదిరి, బిగబట్టడం ఆమెవల్ల కాలేదు. పెట్టబోయే ముందు తీసిన బొమ్మలో గడ్డ, గీసుకున్న గీతలో లేదు. పైకి జరిగి ఉంది. అలాగే పెట్టేసి ఉంటే మంచి ఊపిరితిత్తి కాలి, గడ్డ మిగిలేది.

"ఆ రోజు ఊపిరి బిగబట్టారా అమ్మా?" అంది మహిమ.

సర్దార్‌బీ సిగ్గుతో చచ్చిపోయింది. "తప్పా? బాగా పడుకున్నాననుకున్నానే."

"మీరొక్కరే కాదు, నేనూ చూసుకోవాల్సింది."

మళ్లీ స్కాను తీశారు. ఈసారి డాక్టరు ఇద్దర్నీ లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. ఎడమవైపు మచ్చలు కనిపించాయట. వెన్నెముకలోనూ ఒకటి ఉందట.

"నేను ఊపిరి బిగించినందుకేనా సారూ?"

"కాదమ్మా. ఇవి వారంలో పుట్టేవి కావు. అప్పటికే ఉండుంటాయి, మాకు కనబడలేదు. ముందే మొదలుపెట్టినా ఇక్కడికే వచ్చేవాళ్లం."

తప్పు తనది కాదన్నందుకు ఆమె ఒక్క క్షణం తేలికపడింది. ఆ తర్వాతే మిగతా మాట బుర్రకెక్కింది.

"మరి కరెంటు?"

"కొద్ది రోజులు పెడదాం. దగ్గు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. నిద్ర పడుతుంది."

"ఎన్నింటికి తీసుకురమ్మంటారు సార్?" అన్నాడు ఇమాం హుస్సేన్ హుషారుగా.

గేటు దాకా అదే హుషారు. అక్కడ ఒకావిడ చెయ్యెత్తి బ్రాడీపేట అంటే ఎక్కించుకున్నాడు. సర్దార్‌బీ ఓ మూలకు జరిగింది.

"తగ్గుతుందన్నాడుగా," అన్నాడు బండి నడుపుతూ.

"దగ్గు తగ్గుతుందన్నాడు."

"అదే, తగ్గుతుందనేగా."

"దగ్గయ్యా. దగ్గొక్కటే."

ఆటో సాగుతూనే ఉంది.

"ఏమయ్యో, నా సందు దాటిపోయింది! కళ్లు కనబడట్లేదా?" అని వెనక్కి చూస్తూ అరిచింది ఆవిడ.

సర్దార్‌బీ ఆవిడ చెయ్యి మెల్లగా పట్టుకుంది.

"ఏమనకు తల్లీ. ఆయనకి ఇప్పుడే తెలిసింది."