బల్ల మీద చెరిగిన వరుస

మా మ్యూజియంలో ఇరవై ఆరేళ్ళు దుమ్ము దులిపిన మనిషిని అందరూ దుమ్మక్క అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత ముఖం మీదే అన్నారు, ఆవిడ పట్టించుకోలేదు. నేను టికెట్ల కిటికీ దగ్గర ఉండేవాణ్ణి. కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి, నిలబడి పనిచేసేవాళ్ళ గురించి మాట్లాడే తీరిక నాకు ఎప్పుడూ ఉండేది.

దుమ్మక్క పనిమంతురాలు. ఇనుముకి పొడిగుడ్డ, చెక్కకి మెత్తటి బ్రష్షు, పాత కాగితాలకి రబ్బరు పొడి. ఆ పొడిని పల్చటి గుడ్డలో మూటకట్టి కాగితం మీద మెల్లగా దొర్లిస్తే మురికి దానికదే వచ్చేస్తుంది. మరీ మొండి మరకైతే దూదిపుల్లని ఉమ్మితో తడిపి తుడిచేది. వినడానికి రోతగా ఉంటుంది గాని, శిక్షణ ఇవ్వడానికి వచ్చిన నిపుణులు కూడా అదే మేలన్నారు. ఇంట్లోనూ అంతే. వాళ్ళింటికి వెళ్తే కుర్చీలో కూర్చోవాలంటే భయం, మనం లేవగానే తుడుస్తుందని.

ఆవిడకి ఉన్నది ఒకటే బాధ. తోడికోడలు.

ఆ తోడికోడల్ని నేను అప్పటికి చూడలేదు. చూడకపోయినా ఆవిడ సంగతులన్నీ నాకు కంఠతా వచ్చు. బారెడు పొద్దెక్కితే గాని లేవదు. తోమిన గిన్నె మళ్ళీ తోముకోవాలి. అల్మారా తలుపు తీస్తే లోపలివన్నీ మీద పడతాయి. మనిషి మాత్రం పుల్లలా ఉంటుంది, గట్టిగా గాలేస్తే ఎగిరిపోతుంది. అలాంటి ఇంట్లోనే అత్తగారు ఆఖరి పదకొండేళ్ళూ ఉంది, అక్కడే పోయింది. దుమ్మక్క ఎన్నిసార్లు రమ్మన్నా రాలేదు.

"నా దగ్గర ఏం తక్కువైందిరా ఆవిడకి? పక్కదుప్పటి రోజూ మార్చేదాన్ని" అని నన్ను నిలదీసేది. నేనేం చెప్తాను. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత నోటిదాకా వచ్చేది. మింగేసేవాణ్ణి.

అత్తగారు మిషను కుట్టి ఇద్దరు కొడుకుల్ని పెంచిన మనిషి. దుమ్మక్క పంతొమ్మిదేళ్ళ వయసులో ఆ ఇంటికి పెద్దకోడలుగా వెళ్ళింది. మూడేళ్ళకి మొగుడి ఉద్యోగం మారి వేరు కాపురం పెడుతుంటే, అత్తగారు కుట్టుమిషను తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది. బట్టలు కత్తిరించే బల్ల మాత్రం పెద్దదవడంతో అక్కడే ఉండిపోయింది. ఆ మరుసటేడు చిన్నకోడలు వచ్చింది.

ఇక మ్యూజియం సంగతి. మూడేళ్ళ క్రితం పైవాళ్ళకి దాన్ని కొత్తగా మార్చాలని బుద్ధి పుట్టింది. ఎనిమిది నెలలు తలుపులు మూసేశారు. నా కిటికీ స్థానంలో టికెట్ యంత్రం పెట్టి, నన్ను సామాన్లు మొయ్యడానికి గోడౌన్లోకి తోశారు. ఆ యంత్రం ఎవరితోనూ కబుర్లు చెప్పదు కాబట్టి పొరపాట్లు చెయ్యదట. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కడుపుమంట అంటే ఏమిటో తెలిసినవాణ్ణి కనకనే దుమ్మక్క కథ చెప్పే అర్హత నాకుందనుకుంటున్నాను.

మార్పుకోసం ఒక డిజైనరమ్మాయిని తీసుకొచ్చారు. ముప్ఫై ఏళ్ళుండవు. వచ్చిన మొదటిరోజు హాళ్ళన్నీ తిరిగి చూసి, "ఇక్కడ రాజులు పుట్టారు, పోయారు. మధ్యలో ఊళ్ళో ఒక్కళ్ళు కూడా నిద్రలేచి పనికెళ్ళినట్టు లేరు" అంది. రెండువందల మాటలున్న గోడబోర్డుల్ని నలభై మాటలకి కోసేసింది. ఇరవైరెండు కత్తుల్లో పంతొమ్మిది గోడౌన్‌కి వచ్చాయి, మోసింది నేనే. రాజుల వరస తీసేసి నీళ్ళు, దారులు, ఇల్లు, పని అని నాలుగు గదులు చేసింది. పని గదికోసం ఊళ్ళోవాళ్ళని ఇళ్ళల్లోంచి పాత పనిముట్లు తెమ్మని పేపర్లో వేయించింది.

అందరికంటే ముందు తెచ్చింది దుమ్మక్క. అత్తగారి కుట్టుమిషనుని కిరసనాయిలుతో కడిగి, కొత్త నల్లరంగు వేయించి, బెల్టు మార్చి, అద్దంలా చేసి పట్టుకొచ్చింది. ఆ మిషను గాజుపెట్టెలోకి వెళ్తుందనీ, కింద చీటీ మీద దాత పేరు పడుతుందనీ ఆవిడ నాలుగు రోజుల ముందునుంచే గోడౌన్లో అందరికీ చెప్పింది. డిజైనరమ్మాయి మిషనుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చాలా బాగా చూసుకున్నారు మేడమ్. కానీ నిన్న కొన్నట్టుంది. దీనిమీద కూర్చుని కుట్టినావిడ జాడ ఎక్కడా మిగల్లేదు."

"మురికి కావాలా మీకు?"

"మురికని కాదు, వాడిన గుర్తు కావాలి."

మిషను ఇంటికెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే తోడికోడలు బల్లతో దిగింది.

ఆ బల్లని నలుగురం దించాం. నిలువెత్తు మనిషి పడుకునేంత పొడవు. దానిమీద ఏళ్ళ తరబడి ఏవో డబ్బాలు పెట్టినట్టుంది, గుండ్రటి మరకలు. ఒక మూల ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. అంచంతా కత్తెర గాట్లు. తడిగుడ్డ అనేది తగిలిన జాడే లేదు. దుమ్మక్క పెదవి విరిచి నావైపు చూసింది, చెప్పానా అన్నట్టు. డిజైనరమ్మాయి వంగి చూసి, అలాగే మోకాళ్ళమీద కూర్చుండిపోయింది.

బల్లనిండా పెన్సిలుతో కొలతలు. పుస్తకమైతే పోతుంది, బల్ల ఎక్కడికీ పోదని అత్తగారు వీధిలో అందరి కొలతలూ దానిమీదే రాసుకునేదట. ఒక్కో వరుసకి ముందు ఒక గుర్తు. మూలిల్లు. నీలం తలుపు. మేడమీది కుంటాయన. పిల్లల యూనిఫారాలకైతే ఏటేటా పెరిగిన పొడవులు ఒకదానికింద ఒకటి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళపాటు ఒక వీధిలో ఎవరు లావెక్కారో ఎవరు చిక్కారో అంతా అక్కడుంది. "గది మధ్యలో ఇదే ఉంటుంది" అంది డిజైనరమ్మాయి. తోడికోడలు "అయ్యో, తుడుద్దామనుకుంటూనే తీరక అలా వదిలేశానండీ" అని సిగ్గుపడింది.

ఇరవై ఆరేళ్ళు ఆ మ్యూజియాన్ని కడిగింది దుమ్మక్క. గది మధ్యలోకి వచ్చింది ఆవిడ తోడికోడలి బద్ధకం. అది అన్యాయమని నాకూ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

పైగా ఆ బల్లని ప్రదర్శనకి సిద్ధం చేసే పని దుమ్మక్కదే. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువొచ్చినా దానికో స్థితి పత్రం రాయాలి. వచ్చినప్పుడు ఎలా ఉంది, ఎక్కడ పగిలింది, తర్వాత ఎవరు ముట్టుకున్నారు, ఏం చేశారు, అన్నీ. ఆ పత్రాల్లో దుమ్మక్క ఎప్పుడూ ఒక్క అబద్ధం రాయలేదు. ఒకసారి తన చేతిలో పింగాణీ గిన్నె అంచు పెచ్చు లేస్తే, అడగకముందే తనపేరు రాసుకుంది.

బల్లమీద బ్రష్షు పట్టిన రెండోరోజు డిజైనరమ్మాయి ఒక వరుస చూపించింది. దానికి ముందు ఏ గుర్తూ లేదు, ఉత్త అంకెలే. చుట్టూ నాలుగువైపులా గీత. బల్లంతా చోటులేక కొలతలమీద కొలతలు రాసుకున్న మనిషి, ఆ గీతలోకి మాత్రం వేరే ఒక్క అంకె రానివ్వలేదు.

"ఎవరిదో గాని, ఈ మనిషంటే ఆవిడకి ప్రాణం" అంది అమ్మాయి. "గదిలో ఒక్క దీపం సరిగ్గా దీనిమీదే వేస్తాను. ఎవరిది మేడమ్ ఇది?"

"తెలీదు" అంది దుమ్మక్క.

తెలుసనే ఆవిడ అనుకుంది. అత్తగారు బయటివాళ్ళకి గుర్తు రాస్తుంది గాని, ఇంటివాళ్ళకి గుర్తెందుకు? నడుము ఇరవైనాలుగు అని ఉంది. ఆ కొంపలో ఇరవైనాలుగు నడుము ఎవరికుందో ఊరంతటికీ తెలుసు. కాస్త లెక్క వేసుకుంటే అసలు సంగతి ఆవిడకే తట్టేది. కాని అసూయకి లెక్కలు రావు.

ఫోటోలు తీశారు గాని, ఫ్లాష్ పడి పెన్సిలు గీతలన్నీ తెల్లగా మెరిశాయి, ఒక్క అంకె చదవడానికి లేదు. పక్కనుంచి దీపం పెట్టి మర్నాడు మళ్ళీ తీద్దామన్నారు. ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయారు. నేను గోడౌన్ మూలలో కూర్చుని డబ్బా విప్పుకుంటున్నాను. దుమ్మక్క బల్లమీద వంగి రబ్బరు పొడి మూట దొర్లిస్తోంది. కాగితాలకి వాడేది చెక్కమీద ఎందుకా అని నేననుకోలేదు. అనుకుని ఉండాల్సింది.

మర్నాడు బోర్డు రాయడానికి వివరాలు అడుగుదామని డిజైనరమ్మాయి తోడికోడల్ని పిలిపించింది. కుర్చీలు వేసింది నేను, అందుకే అక్కడున్నాను. తోడికోడలు నీలం తలుపు వాళ్ళెవరో, మేడమీది కుంటాయన ఎన్ని చొక్కాలు కుట్టించుకుని ఎలా ఎగ్గొట్టాడో చెప్పి నవ్వించింది. చెబుతూ చెబుతూ ఆవిడ వేలు బల్లమీద పాకుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. నాలుగువైపులా గీత అలాగే ఉంది. లోపల చెక్క తెల్లబడి ఉంది.

"ఇక్కడ అక్కది ఉండాలే" అంది.

డిజైనరమ్మాయి లేచి దగ్గరికొచ్చి చూసింది. చూస్తూనే దుమ్మక్కవైపు తిరిగింది.

"నేనే చెరిపాను" అంది దుమ్మక్క.

"ఎందుకక్కా?"

"నీదనుకున్నాను."

తోడికోడలు ఆవిడ మొహంలోకి చూసింది. "నాదెలా అవుతుంది? మిషను నువ్వు తీసికెళ్ళిపోయావు. నేనొచ్చేసరికి అత్తయ్య ఇంక కుట్టేదెక్కడ? నా జాకెట్లన్నీ బజార్లోనే కుట్టించుకున్నాను. అది నువ్వు పెళ్ళయి వచ్చిన వారంలో తీసిన కొలత."

దుమ్మక్క తన నడుముకేసి చూసుకుంది. మేమూ చూశాం, తప్పని తెలిసి కూడా. ఇరవైనాలుగు అక్కడ ఒకప్పుడు ఉండేదని నమ్మడం కష్టమే.

"ఆ సంగతి నాతో ఎందుకు చెప్పలేదు?" అంది దుమ్మక్క. గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువ ఉంది. "నీతో ఎందుకు చెప్పింది?"

"నువ్వొస్తే గుడ్డ పట్టుకుని వచ్చేదానివి. నిన్ను ఆ గదిలోకి రానిస్తే బల్ల కడిగేస్తావని భయం ఆవిడకి."

డిజైనరమ్మాయి అరవలేదు, దానికే నాకు భయం వేసింది. చెరిగినచోట మళ్ళీ రాయడం మా పద్ధతిలో కుదరదని, ఆ గీత ఖాళీగానే దీపం కిందకి వెళ్తుందని చెప్పింది. పత్రం తీసి దుమ్మక్క ముందు పెట్టింది. ఏమేం చెరిగిందో రాయాలంది. నడుము తప్ప ఇంకేదీ దుమ్మక్కకి గుర్తులేదు. చెరిపేటప్పుడు మిగతా అంకెలు చదవలేదు కూడా.

"రాసుకో అక్కా" అంది తోడికోడలు. "భుజం పదమూడు. ఛాతీ ముప్ఫై. నడుము ఇరవైనాలుగు. చెయ్యి ఎనిమిదిన్నర."

దుమ్మక్క రాసింది. చెరిపినవారు అన్న గడిలో తనపేరు రాసి సంతకం పెట్టింది. పెట్టాక కలం పట్టుకునే అడిగింది.

"నీకు నోటికెలా వచ్చు?"

"కళ్ళు పోయాక అత్తయ్య రోజూ నాచేత చదివించుకునేది. వేలు పెట్టి తడుముకుంటూ, పెద్దదానిది చదువు అనేది. ఒళ్ళు మండిపోయేది నాకు. అన్నం పెట్టేది నేను, స్నానం చేయించేది నేను, చదవాల్సింది నీ నడుము. నాది కూడా ఒకసారి తియ్యి అత్తయ్యా అని అడిగాను. టేపు మీద అంకెలు ఆనడంలేదే అంది." తోడికోడలు ముక్కు చీదుకుంది. "తుడిచేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. నీలా పనిమంతురాల్ని కాదు కదా, ఇవాళ రేపు అంటూ ఉండిపోయింది."

డిజైనరమ్మాయి నా చెయ్యి పట్టుకుని లేపింది. వెళ్ళబోతూ తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. వాళ్ళిద్దరూ బల్లకి చెరోవైపు కూర్చుని ఉన్నారు. పత్రం పక్కకి జరిపి ఉంది.

"ఇంకోసారి చదువు" అంటోంది దుమ్మక్క.

"రాసుకున్నావుగా అక్కా."

"చదవవే."

తోడికోడలు ఖాళీ గీతలో వేలు పెట్టి భుజం దగ్గర్నుంచి మొదలుపెట్టింది.